లప్పం పెట్టిన చేప

టికెట్టమ్మకు కోపం ముక్కు మీద ఉంటుందని ఊళ్ళో అనుకునేవాళ్ళు. అది తప్పు. ముక్కు మీద ఉండేవి కళ్ళద్దాలు. కోపం ఒళ్ళంతా ఉండేది. ముప్పై ఒక్క ఏళ్ళు ఆ చిన్న స్టేషన్లో టికెట్ కిటికీ వెనక కూర్చుని, వరసలో తోసుకున్న ప్రతివాడినీ మళ్ళీ చివరికి పంపించి, మీసాలు మెలేసుకుంటూ వచ్చిన పెద్దమనుషుల చేత కూడా "తప్పయిందమ్మా" అనిపించిన మనిషి. రిటైరై ఏడేళ్ళయినా ఊరు ఆమె అసలు పేరు ఎప్పుడో మర్చిపోయి టికెట్టమ్మ అనే పిలుస్తోంది.

ఆమె భర్త రంగులాయన. అదే స్టేషన్లోనూ ఆ లైను మీద మరో ఆరు స్టేషన్లలోనూ నలభై ఏళ్ళు బ్రష్షు పట్టి రిటైరైన రైల్వే పెయింటరు. నోట్లో నాలుక లేని మనిషి. ఇంటికి రావలసిన మాటలన్నీ భార్య వాటాకే పోయాయని ఆయన్ను ఆటపట్టిస్తే, నవ్వి ఊరుకునేవాడు. వాళ్ళ ఇల్లు స్టేషన్ వెనక సందులో మూడో గుమ్మం. రెండు గదులు, ఒక వంటగది. రైలు వచ్చిందంటే వంటగది అలమరలో గిన్నెలు ఒకదానికొకటి కబురు చెప్పుకుంటాయి. పడగ్గది తలుపులు ఏడు స్టేషన్ల మిగులు రంగులతో ఏడు పూతలు పడి, బిగిసిపోయి, వానాకాలం సరిగ్గా మూసుకునేవి కావు.

రైల్వేలో ఒక పద్ధతి ఉంది. పై అధికారి తనిఖీకి వస్తున్నాడంటే ముందు పెయింటరుకు కబురు వెళుతుంది. ప్లాట్‌ఫారం అంచుకు సున్నం, నిప్పు బకెట్లకు ఎరుపు, చెట్ల మొదళ్ళకు జేగురు, బెంచీలకు ఆకుపచ్చ. ఒకసారి పట్టాల పక్క కంకరకు కూడా సున్నం కొట్టించారు. ఇంకోసారి తనిఖీకి వచ్చినాయన ఆరని బెంచీ మీద కూర్చుని, మిగతా స్టేషన్లన్నీ ఆకుపచ్చ పంట్లాంతోనే చూసి వెళ్ళాడు. రంగులాయన నలభై ఏళ్ళ కొలువంతా ఇదే. రైలు ఆలస్యమైతే అయింది, నీళ్ళు లేకపోతే పోయాయి, పైవాళ్ళు వచ్చేటప్పటికి స్టేషన్ తళతళలాడాలి.

స్టేషన్ గోడలకు మాత్రం ఎన్నడూ రంగు పడలేదు. అది నల్లరాతి కట్టడం. కింద పునాది వరసకు సున్నం వెయ్యడానికే మంజూరు ఉండేది. పైనున్న రాయి నల్లగా, బోసిగా అలాగే ఉండిపోయింది. ఆ గోడకు కూడా రంగు ఇప్పించండని ఆయన ప్రతి ఏడాదీ అడిగేవాడు, ప్రతి ఏడాదీ లేదనేవాళ్ళు. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి, కొంప ముంచింది ఇదే.

సరే, కిందటేడు ఒక కబురు వచ్చింది. స్టేషన్ను పడగొట్టి, దాని స్థానంలో అద్దాలతో, రేకులతో కొత్తది కడతారట. టికెట్టమ్మ ఆ కబురు చదివిన రోజు అన్నం మెతుకు ముట్టలేదు. నూట పాతికేళ్ళ గోడలు, నిన్న మొన్న పోసినట్టున్న ఇనప స్తంభాలు, చూరు కింద కర్రలో కోసిన ఆకుల వరస, అన్నీ ఎందుకూ పనికిరానివయ్యాయా అని రగిలిపోయింది. ఆరా తీస్తే ఒకే ఒక దారి కనబడింది. పాత కట్టడాల కమిటీ అని నగరంలో ఒకటి ఉంది. వాళ్ళు వచ్చి చూసి మార్కులు వేస్తారు. నూటికి అరవై దాటితే అది వారసత్వ కట్టడం, దాని జోలికి ఎవరూ పోవడానికి వీల్లేదు. దాటకపోతే గునపమే.

ఇక ఉత్తరాలు మొదలుపెట్టింది. కమిటీకి ఒకటి, రైల్వే పెద్దసారుకు ఒకటి. మళ్ళీ కమిటీకి, మళ్ళీ పెద్దసారుకు. మొత్తం పదిహేడు. ఒక్కొక్కటీ నాలుగేసి పేజీలు. స్తంభాల అడుగున పోత పోసిన ఏడాది అంకెలున్న సంగతి రాసింది. టికెట్ కిటికీ కింద రాతిపలక జనం చేతులు ఆనీ ఆనీ గిన్నెలా లోతు పడిన సంగతి రాసింది. అన్నిటికంటే ఎక్కువ రాతి గుర్తుల గురించి రాసింది. ఆ గోడ కట్టిన రోజుల్లో రాళ్ళు చెక్కినవాళ్ళు తమ రాయి ఏదో తెలియడానికి దాని మీద ఒక చిన్న బొమ్మ చెక్కుకునేవారు. అక్షరం రాని మనుషులు, బొమ్మే సంతకం. ఒకడిది నిచ్చెన, ఒకడిది నెలవంక, ఒకడిది కొడవలి. మొత్తం పదకొండు గుర్తులు ఆమె లెక్కపెట్టింది. ఆమె కిటికీ పక్కన, ఎడమ భుజం ఎత్తున, చేప ఉండేది. బొటనవేలంత చేప, తోక కాస్త పైకెత్తి. ముప్పై ఒక్క ఏళ్ళు రోజూ పొద్దున ఆ చేపను వేలితో ఒకసారి తడిమి, అప్పుడు కిటికీ తెరిచింది. అది చెక్కినవాడి పేరు ఎవరికీ తెలియదు. వాడు ఉండేవాడని చెప్పడానికి లోకం మొత్తం మీద మిగిలింది ఆ చేపే. దాన్ని కూడా పొడి చేస్తామంటే ఎలా ఊరుకుంటాను అని రాసింది.

పదిహేడింటికీ జవాబులు వచ్చాయి. "మీ ఉత్తరం అందినది. పరిశీలనలో ఉన్నది." కమిటీకి రాసినవాటిని కూడా వాళ్ళు రైల్వేకే పంపేశారు, అన్నిటి కిందా పెద్దసారు సంతకమే. పదిహేడు సార్లు అవే రెండు ముక్కలు. చివరికి ఒళ్ళు మండి, నగరంలో కూతురింటికి వెళ్ళి మకాం వేసింది. రోజూ పొద్దున్నే వెళ్ళి కమిటీ ఆఫీసు వరండాలో కూర్చునేది. తొమ్మిదో రోజు ఆ గుమాస్తా ఈ శని వదిలితే చాలనుకున్నాడో ఏమో, తారీఖు ఇచ్చాడు. పన్నెండున కమిటీ వస్తుంది.

ఆ సాయంత్రమే ఇంటికి ఫోను చేసింది. పెద్దవాళ్ళు వస్తున్నారని, స్టేషన్ చూసి మార్కులు వేస్తారని, మార్కులు తగ్గితే పడగొట్టేస్తారని భర్తకు గడగడా చెప్పింది.

"పన్నెండునా? ఇంకా ఆరు రోజులుంది. నువ్వు నిశ్చింతగా ఉండు. నేనున్నాగా, చూసుకుంటాను" అన్నాడు రంగులాయన.

పెళ్ళయిన నలభై మూడేళ్ళలో ఆయన నోట ఒక్క ఊపున అన్ని మాటలు రావడం అదే మొదటిసారి. ఆమె పొంగిపోయింది. ఏం చూసుకుంటారు అని మాత్రం అడగలేదు.

పన్నెండో తారీఖున కమిటీతో పాటు తనూ రైలెక్కింది. ముగ్గురు మనుషులు. పెద్దాయన ప్రొఫెసరు, తెల్లజుట్టు, నెమ్మదైన మాట. తోడుగా ఇద్దరు, ఒకరి చేతిలో టేపు, ఇంకొకరి చేతిలో మార్కుల ఫారం. దారి పొడుగునా ఆమె నల్లరాయి గురించి, నిచ్చెన గురించి, చేప గురించి చెబుతూనే ఉంది. ప్రొఫెసరు కూడా మనసు పెట్టి విన్నాడు. అలాంటి గుర్తులు ఒకే గోడ మీద పదకొండు ఉండటం తను ఎక్కడా చూడలేదని అన్నాడు. ఆ మాటతో ఆమెకు ఏనుగెక్కినంత సంబరమైంది.

రైలు ఆగింది. టికెట్టమ్మ కిటికీలోంచి చూసి కదలకుండా కూర్చుంది. మన ఊరు కాదు, దాని ముందుదేమో అనుకుంది. టేపు పట్టుకున్న కుర్రది బోర్డు చదివి, ఇదే కదండీ అని లేపింది.

స్టేషన్ మొత్తం వెన్నరంగులో మెరిసిపోతోంది. నడుము దాకా ఆకాశనీలం, మధ్యలో ఎర్రటి గీత. ఇనప స్తంభాలకు వెండిరంగు, అడుగున ఏడాది అంకెలు పూత కింద ఉబ్బి గుర్తుపట్టలేకుండా ఉన్నాయి. చూరు కింద కర్ర ఆకులకు చిలకపచ్చ. గుమ్మం దగ్గర స్టేషన్ మాస్టరు ఇస్త్రీ చొక్కాలో చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన పక్కన రంగులాయన. ఉతికిన బట్టలు కట్టుకున్నాడు గాని చెవి వెనక నీలంరంగు చుక్క అలాగే ఉండిపోయింది. పెళ్ళికొడుకు నిలబడ్డట్టు నిలబడ్డాడు.

ఆమె ఎవరితోనూ మాట్లాడకుండా తిన్నగా తన కిటికీ దగ్గరికి వెళ్ళింది. ఎడమ భుజం ఎత్తున గోడ మీద చెయ్యి పెట్టింది. నున్నగా ఉంది. పైకీ కిందికీ తడిమింది. అంతా నున్నగానే ఉంది.

"చేపేది?" అంది.

రంగులాయన ముఖం వెలిగిపోయింది. ఆయనకు తెలిసిన భాషలో ఆ ప్రశ్నకు ఒకటే అర్థం, పనితనం గమనించింది అని. "గుంటలన్నీ లప్పం పెట్టి పూడ్చేశాను. ఒక్క సొట్ట లేదు. అద్దంలా ఉంది, చూసుకో" అన్నాడు.

వెనకనుంచి స్టేషన్ మాస్టరు అందుకున్నాడు. ఆరు రోజులు బావగారు అన్నం కూడా ఇక్కడే తిన్నారని, తను పైవాళ్ళ కాళ్ళావేళ్ళా పడి ఎనామిల్ పెయింటు తెప్పించానని, ఈ లైను మీద ఇంత పని ఇంకెక్కడా జరగలేదని చెప్పాడు. మాట పూర్తయ్యేలోపే టికెట్టమ్మ సంచీలోంచి ఇంటి తాళంచెవి తీసింది. గోడను గీకడం మొదలుపెట్టింది. వెన్నరంగు పెచ్చులుగా లేచింది, దాని కింద తెల్లటి లప్పం పిండిపిండిగా రాలింది. స్టేషన్ మాస్టరు లబలబలాడాడు. ఆమె వినిపించుకోలేదు. గోరు విరిగింది, పట్టించుకోలేదు. కాసేపటికి తోక కొస ఒకటి బయటపడింది.

"ఇదిగోనండీ, ఇదిగో, ఇక్కడే ఉంది. పదకొండూ ఉన్నాయి, లోపల ఉన్నాయి" అంది ప్రొఫెసరుతో. అధికారుల ముందు ఎప్పుడూ తగ్గని గొంతు ఆవేళ బతిమాలింది.

ఆయన తోకను చూశాడు, గోడంతా చూశాడు. ఆయన ముఖంలో నిజమైన బాధే ఉంది. "మేం కనబడేదానికి మార్కులు వేస్తామమ్మా. లోపల ఉన్నదానికి వెయ్యడానికి మా ఫారంలో చోటు లేదు" అన్నాడు.

రంగు తీయిస్తే మళ్ళీ వస్తారా అని ఆమె అడిగింది. వరసలో ఇంకా నూట నలభై కట్టడాలున్నాయని, మూడేళ్ళు పడుతుందని ఫారం పట్టుకున్నతను చెప్పాడు. మూడేళ్ళు గునపాలు ఆగవని చెప్పనవసరం లేకపోయింది. తరవాతి బండికి ముగ్గురూ వెళ్ళిపోయారు. వెళుతూ ప్రొఫెసరు స్తంభానికి చెయ్యి ఆనించబోయి, తడి ఇంకా ఆరలేదేమోనని వెనక్కి తీసుకున్నాడు.

ఆ రోజు ఇంట్లో జరిగింది సందు మొత్తానికి వినబడింది. మతి ఉండే చేశారా అంది. నూట పాతికేళ్ళుగా వానకూ ఎండకూ పోనిదాన్ని ఆరు రోజుల్లో పూడ్చిపెట్టారు అంది. పగవాడు గునపం తెచ్చుకోనక్కర్లేకుండా కట్టుకున్నవాడే బ్రష్షు పట్టుకున్నాడు అంది. పక్కింటావిడ గోడ మీంచి ఏదో సర్దిచెప్పబోతే, కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఆమెనూ లోపలికి పంపింది. రంగులాయన కుక్కిన పేనులా మంచం మీద కూర్చున్నాడు. చెవి వెనక నీలంచుక్క అలాగే ఉంది. మామూలుగా అయితే ఆమే కిరసనాయిలు గుడ్డతో తుడిచేది. ఆవేళ చూసి కూడా తుడవలేదు.

రెండు రోజులు ఇంట్లో గిన్నెల చప్పుడే మాట. మూడో రోజు ఆయన కంచం ముందు కూర్చుని, ముద్ద కలిపి, తినకుండా పట్టుకున్నాడు.

"పదిహేడు ఉత్తరాలు రాశావు. ముక్కూమొహం తెలియనివాళ్ళకు రాశావు. ఒక్కటి నాకు చదివి వినిపించావా?"

టికెట్టమ్మ గరిట చేత్తో పట్టుకుని నిలబడిపోయింది.

"ఆ చేప సంగతి ఏనాడన్నా నాతో అన్నావా? నాకు గుంట కనబడింది. గుంట కనబడితే పూడుస్తాను. నలభై ఏళ్ళు నాకు నేర్పింది అదేగా" అన్నాడు. అని ముద్ద కంచంలో వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు.

ముప్పై ఒక్క ఏళ్ళు కిటికీలోంచి లోకానికంతా జవాబు చెప్పిన మనిషికి సొంత వంటగదిలో ఒక్క మాట దొరకలేదు. నిజమే. పడగ్గదిలో మంచం మీద కూర్చునే పదిహేడూ రాసింది. ఆయన పక్కనే ఉన్నాడు. ఏమిటే రాస్తున్నావని ఒకటి రెండుసార్లు అడిగాడు కూడా. మీకు అర్థం కాదులెండి అంది. అధికారి సంతకంతో వచ్చిన రెండు ముక్కలు చూసి అంత మండిపడింది గాని, మొగుడికి తను పడేసింది ఒక్క ముక్కే. ఎదటివాళ్ళ మీద కోపమైతే అరిచి దించుకోవచ్చు. తన మీద తనకు వచ్చిన కోపాన్ని ఎక్కడ దించుకోవాలో తెలియక ఆ రాత్రంతా దొర్లింది.

పది రోజులకు కమిటీ కాగితం వచ్చింది. నూటికి ముప్పై ఒకటి. "అసలు రూపం: కనబడలేదు. ప్రస్తుత స్థితి: చాలా బాగున్నది." వారసత్వ విలువ లేదని కింద ముద్ర. చాలా బాగున్నది కాబట్టి పడగొట్టవచ్చునన్నమాట. ఆమె ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, పదిహేడు జవాబుల కట్టలో పద్దెనిమిదోదిగా దూర్చింది.

మర్నాడు పొద్దున స్టేషన్ మాస్టరు ఇంటికి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి నీళ్ళు నమిలాడు. వచ్చే సోమవారం పెద్దసారే స్వయంగా కొత్త స్టేషన్‌కు శంకుస్థాపన చెయ్యడానికి వస్తున్నారట. మొన్న కిటికీ పక్కన అక్కగారు తాళంచెవితో గీకిన చోటు మరీ వికారంగా ఉందట. బావగారు ఒకసారి వచ్చి చెయ్యి వేస్తే బాగుంటుందట.

టికెట్టమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. "పడగొట్టేదానికి రంగేమిటయ్యా?"

"పెద్దసారు వస్తున్నారక్కగారూ. ఆయన వచ్చేటప్పుడు రంగు లేకపోతే ఎలా?" అన్నాడు స్టేషన్ మాస్టరు. ఎగతాళికి కాదు. పాపం, అతను నిజంగానే అడిగాడు.

ఆమె భర్త వైపు తిరిగింది. ఇప్పుడైనా ఒక్క మాట అంటాడేమోనని చూసింది. రంగులాయన మంచం కింద నుంచి పనిసంచీ లాగి, దుమ్ము దులిపి, రేపు పొద్దున్నే వస్తానని చెప్పాడు. స్టేషన్ మాస్టరు బతికిపోయినట్టు వెళ్ళాడు. ఆమె ఆ రోజంతా ఆయనతో మాట్లాడలేదు. ఇక ఈ జన్మకు మాట్లాడనవసరం లేదనే అనుకుంది.

తెల్లవారాక ఆయన వెళ్ళిన గంటకు ఆమె కూడా వెళ్ళింది. సర్దుకుపోవడానికి కాదు, ప్లాట్‌ఫారం మీద నలుగురిలో నిలబెట్టి అడగడానికి. సిద్ధం చేసుకున్న మాటలన్నీ నాలిక చివరే ఉన్నాయి. టికెట్ కిటికీ దగ్గరికి వచ్చేసరికి నేల మీద వెన్నరంగు పెచ్చులు కుప్పగా ఉన్నాయి. రంగులాయన నిచ్చెన మీద కూర్చుని, రంగు ఊడగొట్టే మందు పూసి, రేకుతో గోడ గీకుతున్నాడు. చేప సగం దాకా బయటికి వచ్చింది. మిగతా సగంలో లప్పాన్ని సన్నటి పుల్లతో, పంటి సందు శుభ్రం చేసినంత జాగ్రత్తగా తీస్తున్నాడు.

"ఏం చేస్తున్నారు?" అంది. అడగాలనుకున్నది ఇది కాదు.

"పైవాళ్ళొచ్చే ముందు స్టేషన్ తయారుచెయ్యడం నా పని. చేస్తున్నాను" అన్నాడు, తల తిప్పకుండా. ఇంకో పెచ్చు ఊడగొట్టి, "మిగతావి ఎక్కడెక్కడున్నాయో చూపించు" అన్నాడు.

ఆమె చూపించింది. నిచ్చెన తలుపు పక్కన, నెలవంక కమాను మీద, కొడవలి వెయిటింగ్ రూము మూల. చూపిస్తూ కూడా తిట్టింది. లప్పం ఇంత గట్టిగా ఎందుకు పెట్టారని తిట్టింది. పని చెయ్యడమంటూ చేస్తే గట్టిగానే చేస్తానని ఆయన అన్నాడు. ఆమె కొంగు నడుముకు దోపి, తీగల బ్రష్షు తీసుకుని తన కిటికీ చుట్టూ తోమడం మొదలుపెట్టింది.

మధ్యాహ్నం స్టేషన్ మాస్టరు వచ్చి గోడ చూసి గుండె పట్టుకున్నాడు. ఇదేమిటి బావగారూ, జానెడు చోటుకు పూత వెయ్యమంటే గోడంతా ఒలిచేస్తున్నారన్నాడు. పాత పూత గీకకుండా పైన కొత్తది వేస్తే నిలవదు బాబూ, పెద్దసారు ముందే పెచ్చులు రాలితే నీకే మాట వస్తుందని రంగులాయన నెమ్మదిగా చెప్పాడు. అది పెయింటింగు ధర్మం, కాదనడానికి లేదు. మర్నాడు అడిగితే గీకడం ఇంకా కాలేదన్నాడు. ఆ మర్నాడు అడిగితే, కడిగిన రాయి తడిగా ఉంది, తడి మీద వేస్తే పొక్కులు లేస్తాయన్నాడు. ఆదివారం అడిగితే గోడకు అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, ఇంకా ఆరలేదన్నాడు. నలభై ఏళ్ళలో ఒక్క అబద్ధం ఆడని మనిషి నాలుగు రోజుల్లో బాకీ అంతా తీర్చేశాడు. టికెట్టమ్మ మొహం గోడకు తిప్పుకుని తోముతూ ఉండిపోయింది.

ఆదివారం సాయంత్రానికి ఇంకో సంగతి జరిగింది. మందు కిందికి కారి, పునాది వరసలో నలభై ఏళ్ళ సున్నం పొరలు పొరలుగా ఊడింది. అక్కడ మోకాలి ఎత్తున ఒక రాయి మీద సన్నటి గీతలు కనబడ్డాయి. రంగులాయన వంగి, బొటనవేలితో రుద్దాడు. దువ్వెన. అచ్చం ఆడవాళ్ళ దువ్వెన, పళ్ళతో సహా. పదకొండు కాదు, పన్నెండు. ఇన్నేళ్ళూ తన సున్నం కిందే ఉంది, తను రిటైరయ్యే దాకా ఏటా స్వయంగా పూస్తూనే వచ్చాడు. ఎవరో ఒకామె కూడా ఇక్కడ రాళ్ళు చెక్కిందేమోనంది టికెట్టమ్మ. వాడికి దువ్వెన లేదేమోనన్నాడు రంగులాయన. ఆమెకు నవ్వొచ్చింది. నవ్విన వెంటనే, రేపటితో దీనికి కూడా నూకలు చెల్లినట్టేనని గుర్తొచ్చి ఇంకా మండింది.

సోమవారం పెద్దసారు వచ్చారు. ప్రత్యేక బండి, వెనక పదిమంది, ముందు ఇద్దరు. స్టేషన్ మాస్టరు ముఖంలో నెత్తురు చుక్క లేదు. గోడ నల్లగా, బోసిగా, పొద్దుటి ఎండలో ప్రతి రాయీ విడివిడిగా కనబడుతూ నిలబడి ఉంది. స్తంభాల అడుగున అంకెలు స్పష్టంగా ఉన్నాయి. పెద్దసారు నాలుగడుగులు నడిచి ఆగిపోయారు. కిటికీ పక్కన చేప దగ్గరికి వెళ్ళి, వేలితో తడిమారు. తల నుంచి తోక దాకా, సరిగ్గా టికెట్టమ్మ తడిమినట్టే.

"ఎంత బాగుంది! ఇలాంటిది ఇక్కడ ఉందని ఎవరూ చెప్పలేదేం?" అన్నారు.

ఆ మాటకు టికెట్టమ్మ సంచీలోంచి కట్ట తీసింది. అడ్డం వచ్చినవాణ్ణి వరసలో తోసుకున్నవాణ్ణి చూసినట్టు ఒక్క చూపు చూసింది. అతను జరిగాడు. "పదిహేడు సార్లు చెప్పామండీ. అందిందని పదిహేడు సార్లు మీరే సంతకం పెట్టారు. చూసుకోండి, మీ సంతకమేనా?"

పెద్దసారు పైకాగితం చూశారు. ఆయన సంతకమే. మరి కమిటీ అని వెనక్కి తిరిగి అడిగారు. కమిటీ విలువ లేదందని స్టేషన్ మాస్టరు గొణిగాడు. అలాగా అని తల ఊపారు. గడియారం చూసుకున్నారు. ఆ తరవాత, అందరికీ మంచి చేస్తున్నవాడిలా ముఖం పెట్టి, పక్కనున్నతనితో అన్నారు, పడగొట్టేటప్పుడు ఆ చేప రాయి ఒక్కటీ జాగ్రత్తగా తీయించి మ్యూజియంలో పెట్టిద్దామని.

పక్కనున్నతను రాసుకోబోయాడు. అప్పటిదాకా నిచ్చెన పక్కన నిలబడి ఉన్న రంగులాయన ఒక అడుగు ముందుకు వేశాడు. ఏ అధికారి ముందూ ఎన్నడూ నోరు విప్పని మనిషి. చేతిలో గీకుడు రేకు అలాగే ఉంది.

"ఆ రాయి ఒక్కటీ రాదండీ. దాని మీద కిటికీ ఉంది, కిటికీ మీద కప్పు ఉంది. అది బొమ్మ కాదు, గోడ" అన్నాడు.

పెద్దసారు చిన్నగా నవ్వి, రంగులాయన భుజం తట్టి ముందుకు కదిలారు. వేదిక మీద తెర లాగారు, ఫలకం కనబడింది, చప్పట్లు కొట్టారు. వచ్చే నెల ఐదున యంత్రాలు వస్తాయని మైకులో చెప్పారు. ప్రత్యేక బండి వెళ్ళిపోయింది. స్టేషన్ మాస్టరు కుర్చీలో కూలబడి, ఇక గీకడమెందుకు బావగారూ, ఎలాగూ పోయేదేగా అన్నాడు. ఇంకా వెనక గోడ మిగిలి ఉందన్నాడు రంగులాయన, నిచ్చెన భుజాన వేసుకుంటూ.

ఆ సాయంత్రం ఆయన ఇంటికి వచ్చాక టికెట్టమ్మ మంచం మీద కూర్చుని పద్దెనిమిదో ఉత్తరం రాసింది. చేతికి మందు తగిలి వేళ్ళు పొక్కాయి, కలం సరిగా నిలవలేదు. పన్నెండో గుర్తు సంగతి రాసింది. మీరు స్వయంగా చూశారు, మీ వేలితో తాకారు, కాబట్టి ఇక మీకు తెలియదనడానికి లేదని రాసింది. మధ్యలో ఆగి, కిరసనాయిలు గుడ్డ తెచ్చి ఆయన చెవి వెనక చుక్క తుడిచింది. ఈ మారు ఒలిచిన వెన్నరంగుది. తరవాత ఉత్తరాన్ని కవరులో పెట్టకుండా చేతిలో పట్టుకుని, ఆయన ఎదురుగా కూర్చుని, మొదటి వాక్యం నుంచి పైకి చదివింది.

రంగులాయన కళ్ళు మూసుకుని మొత్తం విన్నాడు. కిటికీ కింద పలక జనం చేతులకు అరిగిన సంగతి దగ్గర తల ఊపాడు. దువ్వెన ఉన్నది మోకాలి ఎత్తున కాదు, ఇంకో బెత్తెడు కిందికని సరిదిద్దాడు. ఆమె దిద్దింది. చివరి వాక్యం చదివింది, "కావున తమరు దయచేసి ఈ కట్టడమును కాపాడవలసినదిగా."

ఆయన కళ్ళు తెరిచాడు.

"ఆ 'దయచేసి' కొట్టెయ్యి" అన్నాడు.

టికెట్టమ్మ కలం తీసుకుని, కాగితం చిరిగేంత గట్టిగా కొట్టేసింది.